అరకు స్టేట్ హైవే ఆర్టికల్: రూట్ ఓకే, మిగతాదంతా తుస్సు

మన వైజాగ్ నుంచి అరకు వెళ్ళే స్టేట్ హైవే మీద ఒక ఆన్‌లైన్ ఎన్‌సైక్లోపీడియాలో ఆర్టికల్ చూశా, గట్టిగా నాలుగు లైన్లు, ఫొటో లేదు, సోర్సు లింకులు సగం ఓపెనే కావు. పెందుర్తి, కొత్తవలస, ఎస్.కోట, అనంతగిరి అని ఊళ్ళు వరసగా ఇచ్చారు, అది కరెక్టే. కానీ ఎస్.కోట దాటాక వచ్చే ఘాట్ గురించి ఒక్క ముక్క లేదండీ, ఆ మలుపులు, కాఫీ తోటలు, గాలికొండ వ్యూపాయింట్, బొర్రా గుహలకి తిరిగే జంక్షన్ ఇవన్నీ వదిలేసి ఇంకేం రాసినట్టు? పైగా అరకు ఇంకా విశాఖ జిల్లాలోనే ఉందట, 2022 ఏప్రిల్‌లోనే అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి పోయింది కదా బాబూ! ఐదుకి రెండు స్టార్లు, ఆ రెండూ ఊళ్ళ వరసకే.