పాప పేరున 40 చెట్లు కొన్నాం, రెండేళ్ళకి చూడ్డానికి వెళ్ళాం: 2 స్టార్లు

మా పాప మొదటి పుట్టినరోజుకి రిటర్న్ గిఫ్టులు ఏమివ్వాలా అని ఇంట్లో వారం రోజులు చర్చ జరిగింది. స్టీలు డబ్బాలు అందరిళ్ళల్లోనూ అటక మీదే ఉన్నాయి, ప్లాస్టిక్ బొమ్మలు వద్దంటే వద్దంది మా ఆవిడ. అప్పుడు ఫోన్లో ఒక యాడ్ కనపడింది, మీ అతిథుల పేరున తలో చెట్టు నాటుతాం, సర్టిఫికెట్ పంపిస్తాం, భూమి వేడెక్కకుండా మీ వంతు సాయం చేయండి అని. ఒక్కో చెట్టు 149 రూపాయలు. 40 మంది అతిథులు, మొత్తం 5,960. ఐడియా బాగుంది కదా అని కట్టేశాను. కంపెనీ పేరు రాయట్లేదు, ఇలాంటివి ఇప్పుడు చాలా వచ్చాయి కాబట్టి ఎవరిది కొన్నా ఈ రివ్యూ పనికొస్తుందనే అనుకుంటున్నా.

ముందు బాగున్నవి చెప్తా. సర్టిఫికెట్లు నిజంగా అందంగా ఉన్నాయి, మందపాటి కాగితం, ఒక్కోదాని మీద అతిథి పేరు తెలుగులో తప్పుల్లేకుండా, కింద క్యూఆర్ కోడ్. చెప్పిన రోజుకే వచ్చాయి. ఫంక్షన్లో అందరూ మెచ్చుకున్నారు, మా అత్తగారైతే ఫ్రేమ్ కట్టించి హాల్లో పెట్టుకున్నారు. కోడ్ స్కాన్ చేస్తే మన పేజీ తెరుచుకుంటుంది, మ్యాప్ మీద పిన్ను, గుంతలో మొక్క పెడుతున్న ఫోటో ఒకటి, దాని కింద ఒక మీటర్. "మీ చెట్లు ఇప్పటిదాకా పీల్చిన కార్బన్ డయాక్సైడ్" అని కేజీల్లో పెరుగుతూ ఉంటుంది. మొదట్లో రోజూ చూసేవాణ్ణి, షేర్ మార్కెట్ చూసుకున్నట్టు.

మొన్న మే నెలలో మా బావ పట్టుకున్నాడు. "ఏరా బామ్మర్దీ, రెండేళ్ళయింది, నా చెట్టు నీడలో ఒకసారి కూర్చోవాలనుందిరా" అన్నాడు. వెటకారమే గానీ సరే పద అన్నా. పిన్ను చూస్తే మన్నెగూడ దాటాక వికారాబాద్ వైపు ఉంది. ఆదివారం పొద్దున్నే బయల్దేరాం.

ఆ రోడ్డు మీద వెళ్ళినవాళ్ళకి తెలుసు, హైదరాబాద్ శివార్లలో అప్పా జంక్షన్ దాటి చేవెళ్ళ వైపు వెళ్తుంటే రెండు పక్కలా మర్రిచెట్లు, నిజాం కాలంలో నాటినవంటారు, దాదాపు 900 ఉంటాయి. బయట ఎండ మండిపోతోంది, ఆ చెట్ల కిందకి రాగానే ఏసీ ఆపేసి అద్దాలు దించుకున్నాం. రోడ్డు వెడల్పు చేయడానికి వీటిని తీసేస్తామంటే గ్రీన్ ట్రిబ్యునల్ దాకా కేసు వెళ్ళింది. ఇదెందుకు చెప్తున్నానంటే, ఆ మర్రిచెట్ల కింద నుంచి వెళ్ళి 149 రూపాయల మొక్క ముందు నిలబడితే ఎలా ఉంటుందో మీకు అర్థం కావాలి.

పిన్ను దగ్గర ఒక పెద్ద బీడు. ఇనుప కంచె సగం పడిపోయి ఉంది, బోర్డు మీద రంగు వెలిసిపోయింది కానీ కంపెనీ పేరు కనిపిస్తోంది, అంటే స్థలం ఫేక్ కాదు, అది ఒప్పుకోవాలి. మన 40 ఏవో మాత్రం తెలీదు, మొత్తం ప్లాటుకి ఒకటే పిన్ను. సరే అని నేనూ బావా ఒక మూల నుంచి మొదలుపెట్టి 100 గుంతలు లెక్కపెట్టాం. బతికున్నవి 31. అందులో 22 కోనోకార్పస్! తెలంగాణ ప్రభుత్వమే ఇక నాటొద్దని చెప్పిన మొక్క. మిగతావి నాలుగు కానుగ, మూడు వేప, రెండు ఏవో గుర్తుపట్టలేకపోయాం, మోకాలెత్తు కూడా లేవు.

ఎండిపోయిన దాన్నొకటి లాగితే సులువుగా ఊడొచ్చింది, నల్ల కవర్ అలాగే ఉంది, విప్పకుండానే గుంతలో పెట్టేశారు. గుంత కూడా జానెడు లోతు. పాదు అన్నదే లేదు, నీళ్ళు పోసినా పక్కకి పోతాయి. అక్కడ మేకలు కాస్తున్న పెద్దాయన్ని అడిగితే, "నాటినప్పుడు మస్తు మందొచ్చిన్రు సార్, ఫోటోలు దిగిన్రు. ఎండకాలం ట్యాంకర్ రెండుసార్లొచ్చింది, మళ్ళ రాలే. మొన్న గడ్డికి అగ్గి అంటుకుని ఆ పక్కదంతా కాలింది" అన్నాడు. ఆయన మేకలు కూడా కొన్ని తినుంటాయి, అది ఆయన చెప్పలేదు మేమూ అడగలేదు.

అక్కడే నిలబడి ఫోన్లో మా పేజీ తెరిచా. మీటర్ దాదాపు 1,760 కేజీల దగ్గర ఉంది!!

బావకి నవ్వాగలేదు. నాకు మాత్రం మండింది, ఇంటికొచ్చి లెక్క తీశా. చెట్టుకి ఏడాదికి 22 కేజీల చొప్పున 40 చెట్లకి 880, రెండేళ్ళకి 1,760. ఈ 22 కేజీల లెక్క అందరూ వాడేదే, కాకపోతే అది బాగా ఎదిగిన చెట్టుకి చెప్పే సుమారు లెక్క. రెండాకుల మొక్క ఎంత పీలుస్తుంది? చెట్టు గాలిలోంచి తీసుకున్న కార్బన్ని కాండంలో, కొమ్మల్లో, వేళ్ళల్లో దాచుకుంటుంది, ఎండు కలపలో దాదాపు సగం బరువు కార్బనే. అంటే ఒళ్ళు పెరిగితేనే లెక్క పెరగాలి. ఎండిపోతే, కాలిపోతే దాచుకున్నది మళ్ళీ గాల్లోకే. వీళ్ళ మీటర్ మాత్రం నాటిన రోజు నుంచే ఫుల్ స్పీడ్, చచ్చిపోయిన చెట్టుక్కూడా ఆగదు.

ఇంకోటి. ఆ పేజీలోనే "మీ కారు పొగలో సగం మాయం" అని ఉంటుంది. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కేజీల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. నేను నెలకి 60 లీటర్లు పోయిస్తా, అంటే ఏడాదికి 1,656 కేజీలు. 880 అంటే సగం పైనే, లెక్క కరెక్టే, 40 చెట్లూ బతికి మాన్లు అయితే. పొగ ఈరోజు వదులుతున్నా, మాను అవడానికి పదిహేను ఇరవై ఏళ్ళు. ప్రపంచం మొత్తానికి చూస్తే ఇంకా దారుణం. బొగ్గు, పెట్రోలు, గ్యాస్ కాల్చి మనుషులు ఏడాదికి వదిలేది దాదాపు 3,700 కోట్ల టన్నులు, అదే 22 కేజీలతో భాగిస్తే 1.68 లక్షల కోట్ల ఎదిగిన చెట్లు కావాలి. భూమ్మీద ఇప్పుడున్న చెట్లన్నీ కలిపి సుమారు 3 లక్షల కోట్లని 2015లో ఒక అంచనా వచ్చింది. అంటే ఉన్న వాటిలో సగానికి పైగా కొత్తగా కావాలి, ఎక్కడ పెడతాం?

చెట్లు దండగ అనట్లేదు నేను. 2019లో ఒక పరిశోధన వచ్చింది, 90 కోట్ల హెక్టార్లలో కొత్తగా చెట్లు పెంచొచ్చని, అది పట్టుకునే ఈ వ్యాపారాలు బాగా ఊపందుకున్నాయి. 2023లో వచ్చిన దాని తర్వాతి పరిశోధన చూస్తే, అడవులు ఇంకా దాచుకోగల కార్బన్‌లో దాదాపు 61 శాతం ఉన్న అడవుల్ని కాపాడి ఎదగనిస్తేనే వస్తుందట. చేవెళ్ళ మర్రిచెట్లు గుర్తొచ్చాయి నాకు. వాటికి ఎవరూ సర్టిఫికెట్ అమ్మట్లేదు మరి.

కస్టమర్ కేర్‌కి ఫోటోలు పెట్టి మెయిల్ కొట్టా. 11 రోజులకి జవాబొచ్చింది, మర్యాదగానే. "వర్షాకాలంలో గ్యాప్ ఫిల్లింగ్ చేస్తాం" అన్నారు, అంటే చచ్చిన చోట కొత్తది పెడతారన్నమాట. మీటర్ సంగతి అడిగితే "అది అంచనా మాత్రమే సార్" అట. ఎన్ని బతికితే బతికినట్టు లెక్క అంటే దానికి జవాబు లేదు. తెలంగాణలో 2018 పంచాయతీ చట్టం ప్రకారం నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి, లేకపోతే సర్పంచ్ మీద చర్య తీసుకోవచ్చు. ఊరి సర్పంచ్‌కి ఉన్న ఆ పాటి భయం డబ్బులు తీసుకున్న కంపెనీకి లేదు.

మా మావయ్యగారిది కడియం, నర్సరీల మధ్యే పుట్టి పెరిగిన మనిషి. ఫోటోలు చూపిస్తే ముందు ఆ నల్ల కవర్ చూసి తలకొట్టుకున్నారు. "అల్లుడుగారూ, కవర్లో ఎక్కువకాలం ఉంటే వేరు గుండ్రంగా చుట్టేసుకుంటుందండి, ఆ చుట్టు కోసి పెట్టాలి, వీళ్ళు కవరే తియ్యలేదు. 149కి మొక్కా, గుంతా, కూలీ అయితే వస్తాయండి. మూడు ఎండాకాలాలు నీళ్ళెవరు పోస్తారు?" అన్నారు. అదే మాట కంపెనీని అడిగా, మూడేళ్ళ నీళ్ళకి, కాపలాకి విడిగా ఏమన్నా ప్లాన్ ఉందా, 149 కాదు 600 అయినా ఇస్తానని. అలాంటి ప్లాన్ లేదన్నారు, కానీ 100 చెట్ల కాంబో మీద 20 శాతం డిస్కౌంట్ నడుస్తోందట.

రెండు స్టార్లు ఎందుకిచ్చానంటే ఒకటి సర్టిఫికెట్లకి, ఒకటి ఆ నాలుగు కానుగలకి.

అప్‌డేట్: ఆగస్టులో మళ్ళీ వెళ్ళొచ్చా. గ్యాప్ ఫిల్లింగ్ నిజంగానే చేశారు, ఈసారి కవర్లు తీశారు. పెట్టినవి మాత్రం మళ్ళీ కోనోకార్పసే. కానుగల్లో మూడే ఉన్నాయి. మీటర్ 1,900 దాటింది.