పచ్చళ్ల కొట్టులో తెలుగు బిల్లు: రాస్ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ, ఒక మామూలు థర్మల్ ప్రింటర్

తెలుగులో బిల్లు కొట్టే ప్రింటర్ ఎక్కడ దొరుకుతుందని నన్ను చాలామంది అడుగుతున్నారు. దానికోసం ప్రత్యేకంగా ఏ ప్రింటరూ వెతకనక్కర్లేదు. మెడికల్ షాపులో చీటీ చింపి ఇస్తారు చూడండి, ఆ 58 మిల్లీమీటర్ల థర్మల్ ప్రింటర్ చాలు. దాని వెనక రాస్ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ అనే చిన్న కంప్యూటర్ ఒకటి తగిలించాలి. ఇకమీదట దాన్ని 'పై' అనే అంటాను. తెనాలిలో మా పిన్ని పచ్చళ్ల కొట్టులో ఈ జత కిందటి ఆవకాయ సీజన్ నుంచి పనిచేస్తోంది. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ చూస్తాను, కాబట్టి వైర్లూ ప్రోగ్రామూ నావి. రోజూ వాడేది మాత్రం పిన్ని. ఈ రివ్యూలో మా ఇద్దరి మాటా ఉంటుంది.

తెలుగే ఎందుకు అంటే, కొట్టుకొచ్చేవాళ్లలో సగం మంది పెద్దవాళ్లు. హైదరాబాదులో కొడుక్కో, అమెరికాలో కూతురికో పంపడానికి అరకిలో మాగాయ, కిలో గోంగూర, పావుకిలో ఉసిరి అంటూ పది రకాలు కట్టిస్తారు. అంతా అయ్యాక బిల్లు పట్టుకుని ఒక్కో లైనూ చదువుకుంటారు. ఇదివరకు ఒక బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లం. అందులో పచ్చళ్ల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, అవీ సగానికి తెగిపోయి వచ్చేవి. "ఇందులో అల్లం పచ్చడి ఎక్కడుందమ్మా, చూపించు" అని అడిగితే పిన్ని జాడీ వదిలి, చేతులు తుడుచుకుని వచ్చి వేలు పెట్టి చూపించాల్సి వచ్చేది.

ముందు రాస్ప్‌బెర్రీ పై సంగతి. జీరో 2 డబ్ల్యూ 2021 అక్టోబరులో 15 డాలర్ల ధరతో వచ్చింది. పొడవు 65 మిల్లీమీటర్లు, వెడల్పు 30. నాలుగు కోర్ల ప్రాసెసర్, 512 ఎంబీ ర్యామ్, వైఫై ఉన్నాయి. బిల్లు కొట్టడానికి ఇది కావలసిన దానికంటే ఎక్కువే. ఇబ్బంది పెట్టేవి చిన్న చిన్న విషయాలు. అంచున పక్కపక్కనే రెండు మైక్రో యూఎస్‌బీ రంధ్రాలు అచ్చం ఒకేలా ఉంటాయి, ఒకటి కరెంటుకి, రెండోది ప్రింటర్‌కి. ఆ రెండోదానికి ఓటీజీ అడాప్టర్, అంటే మామూలు యూఎస్‌బీ కేబుల్‌ను ఆ చిన్న రంధ్రానికి కలిపే ముక్క, విడిగా కొనాలి. కొట్టులో నాలుగు చేతులు తగిలే చోట పెడుతున్నారంటే రెండు కేబుళ్లకీ వేర్వేరు రంగుల టేపు చుట్టేయండి.

ప్రింటర్‌కి పేరు చెప్పుకోదగ్గ కంపెనీ ఏదీ లేదు. ఇదే డబ్బా మీద రకరకాల పేర్లు వేసి ఆన్‌లైన్లో అమ్ముతున్నారు. రెండు వేల చిల్లర పడింది. దాని అడాప్టర్ దానికే ఉంటుంది, రాస్ప్‌బెర్రీ పై నుంచి కరెంటు ఆశించకూడదు. అమ్మకం పేజీలో "అన్ని భారతీయ భాషలూ ప్రింట్ అవుతాయి" అని రాసి ఉంది. ఆ మాట నాకు నచ్చలేదు, ఎందుకంటే అది వాళ్ల ఫోన్ యాప్‌కి మాత్రమే వర్తిస్తుంది. యాప్ తెలుగును బొమ్మగా మార్చి పంపుతుంది. ప్రింటర్‌కి సొంతంగా తెలుగు అక్షరం ఒక్కటీ తెలియదు.

అది తెలియాలంటే రాస్ప్‌బెర్రీ పై నుంచి 'ఆవకాయ' అని నేరుగా పంపి చూడండి. ఇలాంటి ప్రింటర్లు చాలావరకు చైనీస్ మోడ్‌లో లేస్తాయి. మాకు మొదట వచ్చినవి చైనా అక్షరాలే. ఆ మోడ్ ఆపే ఆదేశం ఒకటుంది, అది పంపాక వచ్చింది ఇంకా ఆసక్తిగా ఉంది. గ్రీకు ఆల్ఫా, పక్కన చుక్కల గడి, తర్వాత నెత్తిన సున్నా ఉన్న ఇంగ్లీషు ఏ. మళ్లీ ఆల్ఫా, మళ్లీ చుక్కల గడి, తర్వాత ఇంకో గుర్తు. ఇలా అయిదుసార్లు. కారణం తేలికే. అన్ని భాషల అక్షరాలకూ ఒక్కో నంబరు ఇచ్చే యూనికోడ్‌లో 'ఆవకాయ' అంటే ఆ, వ, క, దీర్ఘం, య, మొత్తం అయిదు. ఆ నంబర్లను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోదానికి మూడు బైట్లు. ఈ అయిదింటికీ మొదటి రెండు బైట్లు ఒకటే. 1981 నాటి ఐబీఎం పీసీ అక్షరాల పట్టికే ఈ ప్రింటర్‌లో ఇంకా ఉంది. ఆ పట్టికలో మొదటి బైటు ఆల్ఫా, రెండోది చుక్కల గడి. ఈ చీటీని ల్యాబ్ నోటీసు బోర్డు మీద పెట్టాను. యూటీఎఫ్-8 గురించి క్లాసులో బోర్డు మీద రాసి చెప్పినప్పటికంటే పిల్లలకు అదే బాగా ఎక్కింది.

అంచేత దారి ఒక్కటే, బిల్లు మొత్తాన్నీ పైలోనే బొమ్మగా గీసి, ఆ బొమ్మను ప్రింటర్‌కి పంపాలి. ఈ రకం ప్రింటర్లు దాదాపు అన్నీ ఎప్సన్ కంపెనీ మొదలుపెట్టిన ఈఎస్‌సీ పీఓఎస్ ఆదేశాలనే అర్థం చేసుకుంటాయి. బొమ్మ పంపే ఆదేశం అందులోనే ఉంది. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో దీనికి ఉచిత లైబ్రరీ, అంటే ముందే రాసిపెట్టిన ప్రోగ్రాముల కట్ట, దొరుకుతుంది. కాగితం వెడల్పు 58 మిల్లీమీటర్లయినా అచ్చుపడేది 48 మిల్లీమీటర్లే. మిల్లీమీటరుకు 8 చుక్కలు, అంటే అడ్డంగా 384 చుక్కలు. బిల్లు ఎంత పొడవున్నా వెడల్పు అంతే.

తెలుగువాళ్లు జాగ్రత్తగా చూసుకోవాల్సింది ఇక్కడే. బొమ్మ గీయడానికి పిల్లో అనే పైథాన్ లైబ్రరీ వాడతాం. దానికి అక్షరాలు పేర్చే పద్ధతులు రెండున్నాయి. మామూలు పద్ధతి ఇంగ్లీషుకు సరిపోతుంది, తెలుగుకు సరిపోదు. 'వెల్లుల్లి' ఇచ్చి చూడండి. ఒత్తులు కిందికి వెళ్లవు. ల మీద పొల్లు పెట్టి, పక్కన ఇంకో పెద్ద ల నిలబడుతుంది. ఎత్వం, కొమ్ము, గుడి ఎక్కడివక్కడ ఊడిపడి ఉంటాయి. తెలుగు చదవడం రాని ప్రోగ్రామర్‌కి అది తెలుగులాగే కనిపిస్తుంది. బస్ టికెట్ల మీద, కరెంటు బిల్లుల మీద మనం చూసే విరిగిన తెలుగులో చాలా భాగం ఇలా పుట్టిందేనని నా అనుమానం. రెండో పద్ధతికి రాక్మ్ అనే లైబ్రరీ కావాలి. అది హార్ఫ్‌బజ్ సాయంతో అక్షరాలను అతుకుతుంది. ఆండ్రాయిడ్ ఫోనులో, క్రోమ్‌లో మనం తెలుగు చదవగలుగుతున్నది ఆ హార్ఫ్‌బజ్ వల్లే. పైలో రాక్మ్, దానికి తోడుగా కావలసిన ఫ్రిబిడి రెండూ ఉన్నాయో లేదో పిల్లోనే అడిగి తెలుసుకోవచ్చు. అది లేదని చెబితే అక్కడే ఆగి వాటిని వేసుకోండి. ఒత్తు విరిగిన బిల్లు కస్టమర్ చేతికి వెళ్లకూడదు.

ఫాంటు మండలి. సిలికానాంధ్ర పూనికతో వచ్చిన ఉచిత ఫాంట్లలో ఒకటి, గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతుంది. గీత అంతటా సమంగా ఉంటుంది కాబట్టి థర్మల్ కాగితం మీద బాగా తేలుతుంది. కొట్టు పేరుకు రామభద్ర పెట్టాను, లావుగా, దూరానికి కూడా కనిపిస్తుంది. సైజు 28 చుక్కలకు తగ్గిస్తే 'వెల్లుల్లి'లో లావత్తు పూడిపోతోంది. 32 దగ్గర స్థిరపడ్డాం. ఇంగ్లీషు బిల్లుకంటే లైన్ల మధ్య ఎక్కువ ఎడం కావాలి. 'లక్ష్మి' లాంటి మాట పడితే ఒత్తు కింద ఒత్తు వస్తుంది, అది కింది లైను మీద పడకూడదు కదా.

ఇంకో చిక్కు నలుపు తెలుపుల్లో ఉంది. తెరమీద అక్షరం నున్నగా కనపడాలని అంచుల్లో బూడిద రంగు వేస్తారు. థర్మల్ ప్రింటర్‌కి బూడిద రంగు లేదు, చుక్క కాలుతుంది లేదా కాలదు. పిల్లోలో బొమ్మను రెండు రంగులకు మార్చమంటే, ఆ బూడిదను చెల్లాచెదురు చుక్కలుగా మార్చేస్తుంది. దాంతో ప్రతి అక్షరం చుట్టూ చీమలు పాకినట్టు ఉంటుంది. ఫోటోలకు ఆ పద్ధతి మంచిదే, అక్షరాలకు పనికిరాదు. ఒక హద్దు పెట్టుకుని, దానికి ఇటు ఉన్నది నలుపు, అటు ఉన్నది తెలుపు అని తేల్చేయాలి. అది చేశాక వచ్చిన చీటీలో సున్నా చుట్టిన అంచు దగ్గర కూడా గీత తెగలేదు. పిన్ని కళ్లజోడు పెట్టుకోకుండానే చదివి, "ఇదీ బిల్లంటే" అంది.

ధరల వరసను చుక్కల లెక్కన కుడి అంచుకు ఆనించాలి. ఖాళీలు కొట్టి జరిపితే తెలుగులో ఎప్పటికీ ఒక వరసకు రాదు.

కొనేటప్పుడు యూఎస్‌బీ ఉన్నదే కొనండి. రాస్ప్‌బెర్రీ పై పిన్నులకు నేరుగా తగిలించే సీరియల్ ప్రింటర్లు కూడా చిన్నగా, ముచ్చటగా ఉంటాయి. కానీ వాటిలో 9600 బాడ్ అనే నిదానమైన వేగానిది వస్తే తెలుగు బిల్లుకు పనికిరాదు. పది సెంటీమీటర్ల బిల్లు అంటే 800 వరసలు, వరసకు 48 బైట్లు, మొత్తం 38,400 బైట్లు. ఆ వేగంతో సెకనుకు 960 బైట్లే వెళ్తాయి, అంటే ఒక్క బిల్లుకు 40 సెకన్లు. ఇంగ్లీషు అక్షరాలు పంపేవాళ్లకు ఈ బాధ తెలియదు, అక్షరానికి ఒక బైటుతో సరిపోతుంది. యూఎస్‌బీలో పిన్ని బటన్ నొక్కి చేయి చాచేలోపు చీటీ బయటికొస్తుంది.

పిన్ని బటన్ నొక్కేది ఫోన్లోనే. పై సొంతంగా ఒక వైఫై ఇస్తుంది, ఫోను అందులో చేరి ఒక పేజీ తెరుస్తుంది. పచ్చడి పేరు, తూకం, అంతే. ఇంటర్నెట్ అక్కర్లేదు, నెలనెలా చందా లేదు, మధ్యలో ప్రకటనలు లేవు. నూనె చేతులతో ల్యాప్‌టాప్ ముట్టుకునే టెన్షన్ కూడా పోయింది.

ఇంటర్నెట్ లేకపోవడంతో వచ్చే లోటు ఒకటుంది. ఈ పైలో బ్యాటరీతో నడిచే గడియారం లేదు. రాత్రి ఆపేసి పొద్దున వేస్తే, ఆపిన చోటి నుంచే టైము మొదలవుతుంది, బిల్లు మీద నిన్నటి తేదీ పడుతుంది. డీఎస్3231 అనే గడియారం మాడ్యూల్ తక్కువ ఖర్చులో ఈ సమస్యను తీరుస్తుంది. అయితే జీరో 2 డబ్ల్యూకి పిన్నులు ముందే అతికించి రావు, టంకం వేసుకోవాలి. టంకం రానివాళ్లు పిన్నులతో వచ్చే రకం అడిగి తీసుకోండి. కరెంటు పోయినప్పుడు మెమరీ కార్డు పాడవకుండా, రాస్ప్‌బెర్రీ పై సెట్టింగుల్లో ఓవర్‌లే అనే ఏర్పాటు ఉంది. అది పెడితే కార్డు మీద ఏమీ రాయదు, ఎప్పుడు పీకేసినా భయం లేదు. కానీ ఏ రోజు ఎంత అమ్మామో గుర్తుండాలంటే లెక్కలు వేరేచోట దాచాలి. మేం చిన్న పెన్‌డ్రైవ్ వాడుతున్నాం, దానికోసం ఓటీజీ హబ్ పెట్టాల్సి వచ్చింది.

ప్రింటర్ మీద నా ఫిర్యాదులు రెండు. కాగితం చింపే పళ్ల అంచు మొద్దుగా ఉంది, వాలుగా లాగకపోతే చీటీ చివరి లైను చిరుగుతోంది. అందుకే కింద నాలుగు ఖాళీ లైన్లు వదులుతున్నాను. కొట్టు పేరు పెద్ద నల్లపట్టీ మీద తెల్ల అక్షరాలతో వేయాలని పిన్నికి ముచ్చట. వేస్తే ప్రింటర్ మధ్యలో ఆగి మళ్లీ మొదలవుతోంది. అన్ని చుక్కలూ ఒకేసారి వేడెక్కితే దాని అడాప్టర్ తట్టుకోవట్లేదు. పట్టీ తీసేశాం, బొమ్మను ముక్కలుగా పంపుతున్నాం, ఆ తర్వాత ఆగలేదు.

కాగితం గురించి పచ్చళ్లవాళ్లకు గట్టిగా చెప్పాలి. థర్మల్ కాగితానికి సిరా ఉండదు, పూతలోని రసాయనాలు వేడికి కలిసి నల్లబడతాయి. నూనె తగిలితే ఆ నలుపు వెలిసిపోతుంది. ఆవకాయ డబ్బాతో పాటు సంచిలో పడేసిన బిల్లు ఇంటికి చేరేసరికి అక్కడక్కడా తెల్లబడుతుంది. అందుకే పిన్ని బిల్లును విడిగా చేతికిస్తుంది, దాచుకోవాల్సిన వాళ్లను ఫోటో తీసుకోమంటుంది. బిస్ఫినాల్ ఏ అనే రసాయనం లేని రోల్స్ దొరుకుతున్నాయి, రోజంతా చీటీలు ముట్టుకునే చేతులు కాబట్టి అవే కొంటున్నాం.

డబ్బాల మీది లేబుళ్లకు ఈ ప్రింటర్ వాడొద్దు. నూనె సమస్య ఒకటి. రెండోది, కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనల ప్రకారం లేబుల్ మీది వివరాలు ఇంగ్లీషులో గానీ దేవనాగరి హిందీలో గానీ ఉండి తీరాలి. తెలుగు అదనంగా వేసుకోవచ్చు. మేం లేబుళ్లు ప్రెస్సులోనే అచ్చు వేయిస్తున్నాం.

పచ్చళ్లు, స్వీట్లు, విత్తనాలు, పుస్తకాలు అమ్మే చిన్న కొట్లకు ఈ జత కళ్లు మూసుకుని చెబుతాను. ఇంట్లోనో తెలిసినవాళ్లలోనో కాస్త పైథాన్ వచ్చినవాళ్లు ఒకరుంటే చాలు. రోజుకు వందల బిల్లులు కొట్టే హోటల్ అయితే 80 మిల్లీమీటర్ల ప్రింటర్ తీసుకోండి. కాగితం కోసే కట్టర్ ఉన్న మోడల్ చూడండి. అడ్డంగా 576 చుక్కలు వస్తాయి కాబట్టి 'పండుమిరపకాయ గోంగూర' కూడా ధరతో సహా ఒకే లైన్లో పడుతుంది. ప్రోగ్రామ్‌లో మార్చాల్సింది ఆ ఒక్క అంకె.