టర్బో ఇంజనా, మామూలు పెట్రోల్ ఇంజనా: ఆయిల్ ఎక్కువ తాగేదేది?

నెల్లూరు నుంచి ఒంగోలుకు 16వ నంబరు జాతీయ రహదారిపై ఒకే వేగంతో వెళ్లే టర్బో (పొగ ఒత్తిడితో తిరిగి ఇంజనులోకి అదనపు గాలిని నెట్టే పంకా) ఉన్న కారునూ, మామూలు పెట్రోల్ కారునూ పోల్చితే, ఆయిల్ తగ్గుదల సాధారణంగా మొదటిదానిలోనే ఎక్కువ. టర్బో ఇరుసు ఇంజను ఆయిల్ మీదే తిరుగుతుంది కనుక, దాని సీళ్లు అరిగితే ఆయిల్ గాలి గొట్టంలోకి చేరి కాలిపోతుంది. పైగా అధిక వేడికి పిస్టన్ చుట్టూ ఉండే ఆయిల్ రింగులలో మసి పేరుకుంటే, సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను అవి పూర్తిగా గీకలేవు.

మామూలు ఇంజనుకు టర్బో బెడద లేదు. అయితే మైలేజీ కోసం రింగుల బిగువు తగ్గించిన కొన్ని ఇంజన్లు టర్బో లేకున్నా ఆయిల్ తాగుతాయి. కనిగిరి వైపు మట్టిదారుల్లో తిరిగే బండికి గాలి ఫిల్టరు మార్చకపోతే, దుమ్ము చేరి రింగులు ఏ ఇంజనులోనైనా త్వరగా అరుగుతాయి. చాలాసేపు ఆపి స్టార్టు చేసినప్పుడు మాత్రమే ఆయిల్ కాలుతోందని తెలిపే నీలిపొగ వస్తే, సిలిండర్‌లోకి ఆయిల్ కారకుండా ఆపే వాల్వు సీళ్లను అనుమానించాలి. ఆయిల్ మట్టం తెలిపే డిప్‌స్టిక్ చూసే అలవాటు లేనివారికి మామూలు ఇంజనే మేలని నా అభిప్రాయం.