ఎదురు డబ్బు కట్టి ఫ్రీ షోలు చేశాను: ఆర్టిస్టులూ, ఈ ‘ప్రమోషన్ ప్యాకేజీ’తో జాగ్రత్త

మ్యాజిక్, మిమిక్రీ, పాట, స్టాండప్, ఏదైనా కానీ, నలుగురి ముందు నిలబడి ఆ పనితోనే బతకాలనుకునే వాళ్ళందరూ ఒక్క ఐదు నిమిషాలు ఇది చదవండి. ముఖ్యంగా ఈ మధ్యే మొదలుపెట్టిన వాళ్ళు, "ముందు నాలుగు ఫ్రీ షోలు చేయి, పేరొస్తుంది, తర్వాత డబ్బులు వాటంతటవే వస్తాయి" అని ఎవరో చెప్తే నమ్మిన వాళ్ళు. నేనూ నమ్మాను. నమ్మి ఊరుకోలేదు, ఆ ఫ్రీ షోలు చేయించినందుకు ఎదురు డబ్బు కూడా కట్టాను.

నేను మ్యాజిక్ చేస్తాను. పుట్టినరోజులు, స్కూల్ ఫంక్షన్లు, తెలిసినవాళ్ళ ఇళ్ళల్లో చిన్న వేడుకలు, మూడేళ్ళుగా ఇవే. పెద్ద ఈవెంట్లకు, ఆఫీసు పార్టీలకు ఎలా వెళ్ళాలో తెలియలేదు. అలాంటి సమయంలో ఒక ఏజెన్సీ ప్రకటన కనిపించింది. పేరు రాయడం లేదు, ఎందుకంటే వీళ్ళు ఒక్కరే కాదు, ఇదే పద్ధతిలో చాలామంది ఉన్నారు, మీరు గుర్తుపట్టాల్సింది పేరు కాదు, పద్ధతి. ఆరు ‘షోకేస్’ ఈవెంట్లు (అంటే మన విద్య నలుగురికీ చూపించుకునే షోలు), ప్రతి దానికీ ప్రొఫెషనల్ వీడియో, వాళ్ళ సైట్‌లో మీ పేరుతో పేజీ, ‘వెరిఫైడ్ ఆర్టిస్ట్’ అనే గుర్తు. షోలకు పారితోషికం ఉండదు, నలుగురి కంట్లో పడటమే లాభం, "ఎక్స్‌పోజరే మీ పారితోషికం". ప్యాకేజీ ధర నాకు మామూలుగా మూడు షోలకు వచ్చేంత. రెండు వాయిదాల్లో కట్టొచ్చన్నారు.

ఫోన్‌లో మాట్లాడినాయన చాలా మర్యాదగా మాట్లాడాడు. "మీరేం టెన్షన్ పడకండి సార్, మీరు షో మీద దృష్టి పెట్టండి చాలు, మిగతాదంతా మేం చూసుకుంటాం" అన్నాడు. ఆ మాట నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను, ఎందుకంటే నాకు చేతకానిది ఆ మిగతాదే. నన్ను నేను అమ్ముకోవడం రాదు కాబట్టే డబ్బు కట్టాను. మనలో చాలామంది పడిపోయేది సరిగ్గా అక్కడే.

మొదటి షోకి వెళ్ళాను. హాలు బాగుంది, జనం బాగా వచ్చారు. వేదిక వెనక పెద్ద బ్యానర్, దాని మీద ఏజెన్సీ పేరు, ఏజెన్సీ ఫోన్ నంబర్. నా పేరు కోసం వెతికితే ఎక్కడా లేదు. అడిగితే "అది కామన్ బ్యానర్ సార్, యాంకర్ మీ పేరు అనౌన్స్ చేస్తారు" అన్నారు. చేశారు, తప్పు పేరుతో. షో అయ్యాక ఒకాయన వచ్చి "మా అమ్మాయి పెళ్ళి ఉంది, మీ కార్డు ఇవ్వండి" అన్నారు. జేబులో చెయ్యి పెట్టానో లేదో ఏజెన్సీ కుర్రాడు మధ్యలోకి వచ్చి "సార్, బుకింగ్స్ మా ద్వారా చేసుకోవచ్చు" అంటూ ఆయన్ని పక్కకు తీసుకెళ్ళాడు. ఆ పెళ్ళి సంగతి మళ్ళీ నా దాకా రాలేదు.

ఇక వీడియో. రెండు నెలలు అడిగితే నలభై సెకన్లది ఒకటి పంపారు. నా షోలో అందరూ గుర్తుపెట్టుకునేది తాడు ఐటమ్: ప్రేక్షకుల్లోంచి ఒకరిని పిలిచి వాళ్ళ చేతే తాడు కోయిస్తాను, వాళ్ళ గుప్పిట్లోనే ముక్కలు పెడతాను, వాళ్ళే లాగితే ఒకటే తాడుగా బయటికొస్తుంది. అది చేతికి రావడానికి నాకు ఏడాది పట్టింది. ఆ వీడియోలో ఒక చిన్నమ్మాయి కత్తెరతో తాడు కోస్తుంది, ముక్కలు కనిపిస్తాయి, అంతే, అక్కడితో కట్ చేసి ఏజెన్సీ లోగో వేశారు. తాడు అతుక్కునేది లేదు, ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది, అదీ లేదు. ఏ కస్టమర్‌కి పంపమంటారు దాన్ని? నిజం చెప్తున్నా, డబ్బు పోయినదానికంటే ఆ వీడియో చూసినప్పుడు ఎక్కువ బాధపడ్డాను.

అయినా ఆరు షోలూ పూర్తిచేద్దాం, మాట ఇచ్చాం కదా అని వెళ్తూనే ఉన్నాను. నాలుగో షోలో అసలు విషయం బయటపడింది. కార్యక్రమం ఏర్పాటు చేసినావిడ షో అయ్యాక వచ్చి మెచ్చుకున్నారు, మాటల్లో "మీ రేటు కాస్త ఎక్కువే అనిపించింది గానీ బాబూ, న్యాయం చేశారు" అన్నారు. నేను అయోమయంగా చూసి "నేను ఉచితంగానే చేశానండీ" అన్నాను. ఆవిడ ఒక క్షణం ఆగి, ఫోన్ తీసి ఏజెన్సీ ఇచ్చిన రసీదు చూపించారు. ‘మ్యాజిక్ షో, 30 నిమిషాలు’ అని ఒక లైను, పక్కన మొత్తం. నేను మామూలుగా తీసుకునేదానికంటే ఎక్కువే ఉంది. అంటే నా దగ్గర ప్రమోషన్ పేరుతో తీసుకున్నారు, అదే షోకి ఆవిడ దగ్గర పారితోషికం పేరుతో తీసుకున్నారు. పాపం ఆవిడ నాకంటే ఎక్కువ ఇబ్బంది పడ్డారు.

ఆ రాత్రి ఇంటికొచ్చి అగ్రిమెంటు మొదటిసారి పూర్తిగా చదివాను. సంతకం పెట్టేముందు చదవాల్సింది, తప్పు నాదే. మీరైనా చదవండి. అందులో ఏముందంటే, షోకేస్‌లో పరిచయమైన ఎవరితోనూ పన్నెండు నెలల పాటు నేరుగా పని ఒప్పుకోకూడదు, సొంత కార్డులు పంచకూడదు, వీడియోల మీద సర్వహక్కులూ వాళ్ళవే, నేను నా పేజీలో పెట్టుకోవాలన్నా వాళ్ళ అనుమతి కావాలి. కట్టిన డబ్బు ఏ పరిస్థితుల్లోనూ వెనక్కి ఇవ్వరు. వాళ్ళు ఇచ్చేవాటి దగ్గర మాత్రం అంతా ‘వీలును బట్టి’. ఎన్ని నిమిషాల వీడియో, ఎప్పటిలోగా, ఎలాంటి ప్రేక్షకులు, ఒక్కటీ లేదు. నా బాధ్యతలన్నీ అంకెల్లో ఉండి, వాళ్ళ బాధ్యతలన్నీ ‘వీలును బట్టి’ ఉన్న కాగితం అది. అలాంటిది మీ చేతికొస్తే సంతకం పెట్టకండి.

వీడియో హక్కుల గురించి ఒక మాట. మన ప్రదర్శన మీద మనకు హక్కులుంటాయని చాలామందికి తెలియదు. 2012లో బీజింగ్‌లో ఒక అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది, 2020 ఏప్రిల్ 28 నుంచి అమల్లో ఉంది, ప్రదర్శనను వీడియోగా రికార్డు చేయడానికి, దాన్ని వాడుకోవడానికి అనుమతి ఇచ్చే హక్కు ప్రదర్శకుడిదని అది గుర్తిస్తుంది. అన్ని దేశాలూ అందులో చేరలేదు, చేరిన చోట కూడా మనంతట మనం సంతకం పెట్టి రాసిచ్చేస్తే ఆ హక్కు మన చేతిలో ఉండదు. నేను రాసిచ్చేశాను.

ఈ ‘ఎక్స్‌పోజర్’ మాట కొత్తది కూడా కాదు. 1979లో లాస్ ఏంజెలిస్‌లో కామెడీ స్టోర్ అనే పేరున్న క్లబ్‌లో స్టాండప్ కమెడియన్లకు అసలు డబ్బిచ్చేవాళ్ళు కాదు. ఇది మీరు నేర్చుకునే చోటు, ఇక్కడ మిమ్మల్ని పెద్దవాళ్ళు చూస్తారు, అదే మీకు లాభం అనేది యాజమాన్యం వాదన. జనం మాత్రం టికెట్ కొనుక్కునే వచ్చేవాళ్ళు. చివరికి కమెడియన్లు బోర్డులు పట్టుకుని సమ్మె చేశారు, వారాల తరబడి చేశాక ఒక్కో ప్రదర్శనకు 25 డాలర్లు ఇవ్వడానికి ఒప్పందం కుదిరింది. అంతకుముందు వాళ్ళు విన్న మాటలే నాలుగున్నర దశాబ్దాల తర్వాత నేను ఫోన్‌లో విన్నాను.

ఇంకొకటి, ఫ్రీ అంటే జనం ఎలా చూస్తారో తెలియాలంటే జాషువా బెల్ సంగతి గుర్తుచేసుకోండి. ప్రపంచంలో పేరున్న వయొలిన్ విద్వాంసుడు. 2007 జనవరి 12న వాషింగ్టన్‌లో ఒక మెట్రో స్టేషన్ గుమ్మం దగ్గర టోపీ పెట్టుకుని, మామూలు బట్టల్లో 43 నిమిషాలు వాయించాడు, ‘వాషింగ్టన్ పోస్ట్’ పత్రిక పెట్టిన పరీక్ష అది. 1,097 మంది ఆయన ముందు నుంచే వెళ్ళారు. కనీసం ఒక నిమిషమైనా ఆగి విన్నది ఏడుగురు. అంతకు మూడు రోజుల ముందే ఆయన కచేరీలో కాస్త మంచి సీటు దాదాపు వంద డాలర్లు. అదే మనిషి, అదే విద్య. పనికి వెళ్ళే తొందరలో ఉన్నవాళ్ళను తప్పుపట్టలేం, కానీ ఒకటి ఒప్పుకోవాలి, ఎక్కడ, ఎవరి ముందు, ఏ పేరుతో నిలబడ్డామనేది చెప్పకుండా విద్య ఒక్కటే చూపిస్తే పేరు దానంతటది రాదు. ఏజెన్సీ షోల్లో నాకు లేనివి సరిగ్గా అవే.

దీన్నిబట్టి ఫ్రీ షోలు చేయొద్దు అంటున్నానని అనుకోకండి. నేను చేస్తాను, ఇష్టంగా చేస్తాను. పోయిన ఏడాది ఆసుపత్రిలో పిల్లల వార్డులో చేశాను. ఒక బాబు చేతికి సెలైన్ ఉంది, లేవలేడు, వాడి మంచం దగ్గరే కూర్చుని వాడి చెవి వెనక నుంచి నాణెం తీస్తే, రెండో చేత్తో తన చెవి తనే తడుముకుని ఇంకా ఉన్నాయేమోనని చూశాడు. ఆ షోకి డబ్బు అడగాలన్న ఆలోచనే రాదు. అయినా చూడండి, ఏజెన్సీ ఆరు షోలు చేయిస్తామంటే ఆశపడ్డ నాకు, వాటిల్లో ఒక్కటీ పని తెచ్చిపెట్టలేదు, ఆ ఒక్క వార్డు షో నుంచి మాత్రం రెండు బుకింగులు వచ్చాయి. ఎందుకంటే నా కార్డు నేనే ఇచ్చాను, అక్కడి మేడమ్ నాలుగు వాక్యాలు మెచ్చుకుంటూ రాసిచ్చారు, నా ఫోన్‌తో నేనే వీడియో తీయించుకున్నాను. పిల్లల ముఖాలు కనిపించే ముక్కలు తల్లిదండ్రుల్ని అడగకుండా ఎక్కడా పెట్టలేదు, మీరూ పెట్టకండి.

ఇప్పుడు ఎవరైనా ఫ్రీగా చేయమంటే మొదట చూసేది ఒకటే: అక్కడ ఎవరికైనా డబ్బు వస్తోందా? టికెట్టు ఉందా, స్పాన్సర్లున్నారా, కేటరింగ్ వాళ్ళకీ సౌండ్ వాళ్ళకీ ఇస్తున్నారా? అందరికీ ఇచ్చి మనకొక్కరికే ‘ఎక్స్‌పోజర్’ అంటే అది సేవ కాదు. నిజంగా సేవా కార్యక్రమమే అయితే ఒప్పుకుంటాను, కానీ బిల్లు రాస్తాను. అవును, ఫ్రీ షోకి కూడా. నా పూర్తి రేటు ఒక లైనులో, కింద ‘మా తరఫున నూరు శాతం తగ్గింపు’, చివర సున్నా. ఒక సీనియర్ ఆర్టిస్టు చెప్పిన చిట్కా ఇది, చాలా బాగా పనిచేస్తుంది. దాంతో నా విలువ ఎంతో వాళ్ళకు తెలుస్తుంది, రేపు ఇంకొకరికి నా గురించి చెప్పేటప్పుడు ‘ఫ్రీగా వస్తాడు’ అని చెప్పరు. దాంతో పాటు ఒక మెసేజ్ పంపి అవుననిపించుకుంటాను: బ్యానర్ మీద నా పేరు, నంబర్ ఉంటాయి, వీడియో నేను తీసుకుంటాను, దారి ఖర్చులు మీరిస్తారు, నచ్చితే నాలుగు మాటలు రాసిస్తారు. దారి ఖర్చులకు కూడా వెనకాడే వాళ్ళు షో రోజు కుర్చీ కూడా వెయ్యరు, అనుభవంతో చెప్తున్నా.

ఫ్రీ షోల ఫొటోలు పెట్టుకునేటప్పుడు నిజమే రాయండి. ‘ఫలానా సంస్థ మా క్లయింట్’ అని రాస్తే అబద్ధమవుతుంది, ‘ఫలానా సేవా కార్యక్రమంలో ప్రదర్శన’ అంటే చాలు. ఆ ఏజెన్సీ సైట్‌లో ‘మా ఆర్టిస్టుల అభిప్రాయాలు’ అని ముఖాలతో సహా ఉండేవి, తర్వాత ఆ ఫొటోలను ఇమేజ్ సెర్చ్‌లో వేసి చూస్తే ఒకావిడ ఇంకో చోట పళ్ళ డాక్టరు ప్రకటనలో ఉంది. రెండు నిమిషాల పని, డబ్బు కట్టకముందు చేసి ఉంటే బయటపడేవాణ్ణి. ఇంకా మంచిది, వాళ్ళ సైట్‌లో ఉన్న ఆర్టిస్టుల్లో ఇద్దరు ముగ్గుర్ని మీరే వెతికి పట్టుకుని, "మీకు వీళ్ళ ద్వారా డబ్బిచ్చిన షో ఒక్కటైనా వచ్చిందా?" అని అడగండి. నేను ఆలస్యంగా అడిగాను. నలుగురిని అడిగితే నలుగురూ లేదన్నారు.

డబ్బు సంగతి: వెనక్కి అడిగితే "షోకేస్‌లు ఇచ్చాం కదా సార్" అన్నారు, గొంతులో అదే మర్యాద. రెండో వాయిదా కార్డు నుంచి ఆటోమేటిక్‌గా పోయేలా పెట్టాను, బ్యాంకుకి రాసి దాన్ని ఆపించగలిగాను. మొదటి వాయిదా మీద కార్డు ద్వారానే ఫిర్యాదు నడుస్తోంది. ప్రకటన స్క్రీన్‌షాట్లు, చాట్లు, ఆ నలభై సెకన్ల వీడియో, ఆవిడ దయతో పంపిన రసీదు కాపీ, అన్నీ జతచేశాను. ఇలాంటి వాటికి గడువులుంటాయి, కాబట్టి మోసపోయామని తెలిసిన రోజే మొదలుపెట్టండి, సిగ్గుపడి నెలలు గడపకండి. నేను ఆరు వారాలు ఇంట్లో కూడా చెప్పలేదు.

ఇలాంటి ప్యాకేజీ ఎవరైనా చూపిస్తే, కట్టేముందు అగ్రిమెంటు నాకు పంపండి, నా అగ్రిమెంటుతో పోల్చి చూసి చెప్తాను. ఇప్పటికే కట్టినవాళ్ళు మాట్లాడాలనుకుంటే సాయంత్రాలు ఖాళీగానే ఉంటాను, రేపు తప్ప. రేపు వృద్ధాశ్రమంలో షో ఉంది, ఫ్రీనే. ట్రైపాడ్, కార్డులు, కొత్త తాడు సర్దుకున్నాను, సున్నా బిల్లు కూడా రాసి కవర్లో పెట్టుకున్నాను.