తల మీద తల, పట్టేసిన జిప్పు: డ్రాగ్ రేస్ ఆరో సీజన్ మొదలు గురించి, పదేళ్ళు చూశాక

రూపాల్స్ డ్రాగ్ రేస్ అనే టీవీ పోటీలో నేను ఎక్కువసార్లు చూసింది ఏ ఫైనలూ కాదు, ఆరో సీజన్ మొదటి రెండు ఎపిసోడ్లు. 2014 ఫిబ్రవరి 24న అమెరికాలో లోగో ఛానల్లో మొదలైంది. నేను ఆ ఏప్రిల్లో హైదరాబాద్‌లో హాస్టల్ గదిలో చూశాను, మిగతా అమ్మాయిలు పడుకున్నాక, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని. అంతకు నాలుగు నెలల ముందే సుప్రీంకోర్టు, స్వలింగ సంబంధాలను నేరంగా చూసే 377 సెక్షన్‌ను మళ్ళీ నిలబెట్టింది. ఏప్రిల్ 15న అదే కోర్టు ట్రాన్స్‌జెండర్లకు మూడో జెండర్‌గా గుర్తింపు ఇచ్చింది. పేపర్లో ఆ రెండు వార్తలూ చదివిన కళ్ళతో ఈ షో చూడటం వల్ల కాబోలు, ఇందులోని 14 మందీ నాకు బాగా దగ్గరి మనుషుల్లా అనిపించారు. ఇప్పటికీ ఎవరికి ఈ షో చూపించాలన్నా ఇక్కడి నుంచే మొదలుపెడతాను. కానీ వాళ్ళ మీద నా అభిప్రాయాలు మాత్రం అప్పటివి కావు. కొన్ని పూర్తిగా తిరగబడ్డాయి.

చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. పోటీకి వచ్చేవాళ్ళు ఎక్కువమంది ఆడవేషం కట్టే మగవాళ్ళు. ఈ వేషాన్ని డ్రాగ్ అని, కట్టేవాళ్ళను క్వీన్స్ అని అంటారు. వేషం కట్టి పాడాలి, ఆడాలి, నవ్వించాలి, బట్టలు సొంతంగా కుట్టుకోవాలి. ఆ సీజన్లో గెలిస్తే లక్ష డాలర్లు. ప్రతి వారం వెనకబడ్డ ఇద్దరు ఒక పాటకు పెదవులు కదుపుతూ ఆడాలి. దాన్నే లిప్‌సింక్ అంటారు. ఓడినవాళ్ళు ఇంటికి. 2009లో షో మొదలైనప్పటి నుంచి మొదటి రోజే అందరినీ ఒకేసారి దింపేవాళ్ళు. ఆరో సీజన్లో మొదటిసారిగా ఏడుగురు చొప్పున రెండు గుంపులు చేసి, రెండు వారాలు విడివిడిగా ఆడించారు. దీనివల్ల ఒక్కొక్కరినీ తీరిగ్గా చూసే వీలు దొరికింది. అన్యాయం కూడా జరిగింది. ఒక గుంపులో వెనకబడ్డవాళ్ళు ఇంకో గుంపులో ఉంటే హాయిగా బయటపడేవాళ్ళేమో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

నా అభిప్రాయాలు మారడానికి సగం కారణం మా మావయ్య. తెనాలి దగ్గర పల్లెటూరు. కుర్రతనంలో ఊళ్ళో వాళ్ళంతా కలిసి వేసే పద్య నాటకాల్లో ఆయనదే ఆడవేషం. స్థానం నరసింహారావు గారి సత్యభామ గురించి వాళ్ళ నాన్న చెప్పిన కబుర్లు మాకు లెక్కలేనన్నిసార్లు చెప్పాడు. 2019 సంక్రాంతికి వెళ్ళినప్పుడు, ఏం చూస్తున్నావని వచ్చి పక్కన కూర్చున్నాడు. ఇంగ్లీషు రాదు. అందుకని మాటలు వదిలేసి చేతులూ కాళ్ళూ చూశాడు. నేను ఐదేళ్ళుగా చూస్తున్నా చూడనివి ఆయన ఆ ఒక్క సాయంత్రంలో చూశాడు.

మొదట వివేషస్ గురించి చెప్పాలి. పుట్టింది జమైకాలో, పేరు తెచ్చుకుంది న్యూయార్క్ క్లబ్బుల్లో. మొదటి వారం గుంపులో అందరికంటే వయసులో పెద్దది. గదిలోకి అడుగుపెట్టేసరికి మొహం కనపడదు. అంతా ముసుగు, ముందు జిప్పు. దాని పైన ఇంకో తల, బొమ్మ తల. ఆ తలకు పేరు కూడా ఉంది, ఓర్నేషియా. జిప్పు తీసి, మొహం చూపించి, తన మాట చెప్పాలి. జిప్పు కదలదు. లాగుతుంది, రాదు. మళ్ళీ లాగుతుంది. మిగతా క్వీన్స్ అలాగే చూస్తుంటారు. చివరికి ఎలాగో తీసి, అమ్మ వచ్చేసింది అన్న అర్థం వచ్చే మాట చెబుతుంది.

2014లో నేను ఈ చోట నవ్వాను. పాతకాలం మనిషి, ఎక్కువ రోజులు ఉండదు అనుకున్నాను. మావయ్య నవ్వలేదు. కుర్చీ ముందుకు జరుపుకుని, "జిప్పు పళ్ళలో గుడ్డ పడిందమ్మాయ్. ముందు వెనక్కి లాగాలి, ఆ తర్వాత కిందకి" అన్నాడు. "చూడు, కంగారంతా చేతుల్లోనే ఉంది. నడుంలో లేదు."

వెనక్కి తిప్పి మళ్ళీ చూశాను. నిజమే. రెండు చేతులూ జిప్పుతో పెనుగులాడుతున్నాయి. పైన ఆ బొమ్మ తల మాత్రం ఒరగలేదు. వీపు నిటారుగా ఉంది. అంత బరువు నెత్తిన పెట్టుకుని, ఊపిరి సరిగ్గా ఆడని ముసుగులో, అందరూ చూస్తుండగా అలా నిలబడటం చిన్న విషయం కాదు. ఒకసారి పద్యం మధ్యలో తన సవరం పిన్ను ఊడిపోతే జడను ఎడమచేత్తో ముందుకు వేసుకుని, అది సత్యభామ టెక్కు అన్నట్టు పట్టుకునే పద్యం ముగించానని మావయ్య చెప్పాడు. ఎవరికీ తెలియలేదట. వివేషస్‌కు ఆ అదృష్టం లేదు. కెమెరా మొహం మీదే ఉంది. మూడో వారానికే ఆమె వెళ్ళిపోయింది. నా లెక్కలో మాత్రం ఈ మొదటి వారంలో అందరికంటే గుర్తుండిపోయే మనిషి ఆమే.

ఆమెతో లిప్‌సింక్‌లో ఓడి, మొట్టమొదట ఇంటికి వెళ్ళింది కెల్లీ మాంటిల్. ఆ వారం పోటీ ఏమిటంటే, ఒక్కొక్కరికి ఒక్కో టీవీ షో పేరు మీద ఒక పెట్టె ఇస్తారు, అందులోని సామానుతో డ్రెస్ తయారు చేయాలి. కెల్లీకి ఇంగ్లండ్ జమీందారీ కుటుంబం మీద తీసిన సీరియల్ వచ్చింది. ఆమె చేసిన డ్రెస్ బేకన్ పట్టీల్లా ఉందన్న మాట ఆమె పేరుకు అంటుకుపోయింది. నేనూ చాలా రోజులు అలాగే అన్నాను. ఇప్పుడు ఆ మాట అనను. కెల్లీ ప్రధానంగా నటి. మొదటి వారమే కుట్టు పరీక్ష పెడితే నటన వచ్చినవాళ్ళు నటించే రోజు రాకముందే పోతారు. 2016లో ఆస్కార్ అకాడమీ ఒకే పాత్రకు సహాయ నటుడు, సహాయ నటి రెండు విభాగాల్లోనూ పరిశీలనకు అర్హత ఇచ్చిన మొదటి వ్యక్తి కెల్లీ మాంటిల్. ఆ వార్త చదివిన రోజు ఈ ఎపిసోడ్ మళ్ళీ పెట్టుకుని చూశాను. ఆ డ్రెస్‌లో నడుస్తున్నప్పుడు కూడా ఆమె మొహంలో ఎంత ఆట ఉందో అప్పుడు కనపడింది.

ఆ వారం గెలిచింది సియాటిల్ నుంచి వచ్చిన బెన్‌డెలాక్రీమ్. అప్పట్లో నాకు నచ్చలేదు. మరీ తియ్యగా మాట్లాడుతుంది, ఎప్పుడూ నవ్వే, ఇదంతా పైపైనే అనుకున్నాను. తప్పు. 2018లో ఆల్ స్టార్స్ (పాత క్వీన్స్ మళ్ళీ పోటీపడే షో) మూడో సీజన్లో, ఎవరిని ఇంటికి పంపాలో ఎంచుకోవాల్సిన చోట తన పేరే రాసి, గెలిచే స్థితిలో ఉండి కూడా తానే తప్పుకుంది. అది చూశాక మొదటి ఎపిసోడ్‌కు వెళ్తే ఆ తీపి వెనక ఎంత గట్టి మనిషి ఉందో తెలుస్తుంది. ఎవరి మాటకూ తొణకదు. పాత్రలోంచి ఒక్క క్షణం బయటకు రాదు.

అడోర్ డెలానో నా 2014 ఫేవరెట్. కాలిఫోర్నియాలోని అజూసా అమ్మాయి, అంతకుముందు 2008లో అమెరికన్ ఐడల్లో పాడింది. హాస్టల్లో పక్క మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని కబుర్లు చెప్పే పిల్లలా ఉంటుంది. "దీనికి నడుం ఎవరూ బిగించలేదే!" అన్నాడు మావయ్య చూడగానే. సరిగ్గా ఆ లోటు గురించే తర్వాతి వారాల్లో జడ్జీలు ఆమెను ఏడిపించారు. రెండో గుంపులోని బియాంకా తన సొంత నడుంపట్టీ తీసిచ్చింది. మొదటి వారంలో చూస్తే అడోర్‌ది పూర్తి కాని వేషం. అయినా చివరి ముగ్గురిలో నిలిచింది. ఈమె విషయంలో నా అభిప్రాయం మారలేదు, మావయ్య ఒప్పుకోకపోయినా సరే.

లగాంజా ఎస్ట్రాంజా గదిలోకి వస్తూనే కేక పెట్టి వెనక్కి విరుచుకుని నేల మీద పడుతుంది. అద్భుతమైన డ్యాన్సర్. ఐదో సీజన్లో వచ్చిన అలిస్సా ఎడ్వర్డ్స్‌కు డ్రాగ్ కూతురు, అంటే శిష్యురాలు. ఆ బరువంతా భుజాల మీద కనపడుతుంది. ప్రతి మాటా ముందే అనుకుని వచ్చినట్టు ఉంటుంది. అప్పట్లో విసుగొచ్చేది, ఇప్పుడు జాలేస్తుంది. వయసులో చిన్నది, గురువు పేరు నిలబెట్టాలన్న టెన్షన్. జియా గన్ తన అందం గురించి తానే చెప్పుకుంటుంది. అచ్చం ఆడపిల్లలా కనపడేవాళ్ళను వాళ్ళ వాడుకలో ఫిషీ అంటారు, జియాకు ఆ మాటంటే గర్వం. అప్పుడు పొగరనుకున్నాను. 2017లో తాను ట్రాన్స్ స్త్రీనని ఆమె బయటికి చెప్పాక, ఆ గర్వం వెనక ఇంకేదో ఉందని అర్థమైంది. ప్యూర్టో రికో నుంచి వచ్చిన ఏప్రిల్ కారియన్ చక్కగా ఉంది, పద్ధతిగా చేసింది, అంతే.

రెండో వారం గుంపులో బియాంకా డెల్ రియో ఉంది. తర్వాత సీజన్ గెలిచింది కూడా ఆమే. ఒక్కసారి కూడా లిప్‌సింక్ చేయాల్సిన అవసరం రాలేదు. న్యూ ఓర్లీన్స్‌లో నాటకాలకు బట్టలు కుట్టిన చెయ్యి. ఆమె నోటి గురించి అందరూ చెబుతారు. ఎదుటివాళ్ళను క్షణంలో కోసి పారేస్తుంది. మావయ్యకు ఆ మాటలు అర్థం కావు కాబట్టి ఆయన ఇంకొకటి చూశాడు. "ఈవిడ పోటీకి వచ్చినట్టు లేదమ్మాయ్, డ్యూటీకి వచ్చినట్టుంది" అన్నాడు. కుట్టుపని మొదలయ్యాక మిగతావాళ్ళు గుడ్డ చేతిలో పట్టుకుని ఆలోచిస్తుంటే ఆమె చేతులు ఆగవు, నోరూ ఆగదు. ఆమె కళ్ళ కింద వేసుకునే ఆ పెద్ద తెల్లటి మేకప్ నాకు మొదట్లో మోటుగా అనిపించేది. మావయ్యకు అసలు అనుమానమే రాలేదు. "వెనక వరసలో కూర్చున్నవాడికి కన్ను కనపడొద్దా?" అన్నాడు. ఊళ్ళో పెట్రోమాక్స్ వెలుగులో నాటకం వేసేటప్పుడు వాళ్ళు కాటుక చెవి దాకా దిద్దేవాళ్ళట.

కోర్ట్నీ ఆక్ట్ దగ్గర మాకిద్దరికీ పేచీ వచ్చింది. ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. 2003లో ఆస్ట్రేలియన్ ఐడల్లో పాడింది, గొంతు నిజంగా బాగుంటుంది. చూస్తే వేషమని ఎవరూ అనుకోరు. మావయ్య దృష్టిలో ఆమే మొదటిది. మగవాసన తెలియకుండా ఉండటమే ఆడవేషం అన్నది ఆయన నేర్చుకున్న విద్య. నాకు మాత్రం కోర్ట్నీ తన మొదటి ఎపిసోడ్లో అందం మీద ఆనుకుని కూర్చుంది అనిపిస్తుంది. డ్రాగ్‌లో దాచడం ఒక భాగం మాత్రమే. వేషం కట్టానని చెప్పి మరీ చూపించడంలో ఇంకో అందం ఉంది. ఆ మాటకు సాక్ష్యంగా మిల్క్‌ను చూపించాను. న్యూయార్క్ అబ్బాయి, గడ్డం పెట్టుకుని గౌనుతో రన్‌వే మీదికి వచ్చింది. మావయ్య చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ధైర్యం ఉంది. వేషం లేదు" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోను. ఆ గడ్డం 2014లో టీవీలో చూసినప్పుడు నా గుండె ఎలా కొట్టుకుందో నాకు గుర్తుంది.

ట్రినిటీ కె. బొనే, జోస్లిన్ ఫాక్స్ ఇద్దరూ ఈ ఎపిసోడ్లో పెద్దగా తెలియరు. ట్రినిటీని చూసి తేల్చేయకండి, లిప్‌సింక్‌లో ఆమె అంటే ఏమిటో కొన్ని వారాల తర్వాత తెలుస్తుంది. చివరికి వెనకబడింది డేరియన్ లేక్, మాగ్నోలియా క్రాఫర్డ్. డేరియన్ భారీ మనిషి, పాటలో ప్రతి మాటనూ మొహంతో నవ్వించింది. మాగ్నోలియా దాదాపు నిలబడే ఉంది. ఇచ్చిన పని తనకు నచ్చలేదన్నది ఎపిసోడ్ అంతా ఆమె మొహంలో కనపడుతూనే ఉంటుంది. పదేళ్ళలో ఎన్నిసార్లు చూసినా ఆమె పక్షాన ఒక్క మాట దొరకలేదు నాకు. "రంగు పూసుకున్నాక నచ్చలేదనకూడదు" అన్నాడు మావయ్య, కాస్త కోపంగానే.

ఇప్పుడు కొత్తవాళ్ళకు చూపించేటప్పుడు ఒకటే చెబుతున్నాను, ఎవరు బాగున్నారో తర్వాత చూద్దురుగాని, ఏదైనా తేడా వచ్చినప్పుడు ఎవరు ఏం చేశారో చూడండి అని. ఎత్తైన బల్ల మీంచి దూకుతూ గాల్లో ఉండగా ఫొటో దిగే పందెం ఒకటి ఉంది. అక్కడ కూడా అదే. విగ్గు లేచిపోతుంది, మొహం వంకరపోతుంది, ఆ అర క్షణంలో కెమెరా ఎటుందో గుర్తుపెట్టుకున్నవాళ్ళు ఎవరన్నది ఫొటోలో తెలిసిపోతుంది.

మావయ్యకు పేర్లు గుర్తుండవు. పోయిన పండక్కి వెళ్ళినప్పుడు, "ఆ రెండు తలలావిడది పెట్టు" అన్నాడు. జిప్పు దగ్గరికి వచ్చేసరికి ఇప్పటికీ ఆయన కుడిచెయ్యి ముందుకు లేస్తుంది, తను కాస్త వెనక్కి లాగితే వచ్చేస్తుందన్నట్టు.