ఎనిమిదేళ్లు పనిచేసిన కన్సల్టింగ్ కంపెనీకి నా మార్కులు: 5కి 3

కంపెనీ పేరు రాయను. హైదరాబాదులో అద్దాల మేడ, అమెరికా క్లయింట్లు, మెడలో ట్యాగు. గచ్చిబౌలి చుట్టూ ఇలాంటివి బోలెడున్నాయి, అందులో ఒకటి అనుకోండి. విజయనగరంలో ఇంజినీరింగ్ అయ్యాక 2016లో క్యాంపస్ సెలెక్షన్లో చేరాను, 2024లో బయటికొచ్చేశాను. ఇప్పుడీ రివ్యూ ఎందుకంటే, చీపురుపల్లిలో మా మేనత్త కొడుక్కి అక్కడి నుంచే ఆఫర్ లెటర్ వచ్చింది. "బావా, చేరిపోనా?" అని వారంలో నాలుగుసార్లు ఫోన్ చేశాడు. ఫోన్లో చెప్తే సగం చెవికెక్కదు వాడికి. అందుకే రాసి పెడుతున్నాను.

ముందు మంచి చెప్తాను. నా పని శాప్‌లో ఫైనాన్స్. శాప్ అంటే పెద్ద కంపెనీలు తమ లెక్కలూ కొనుగోళ్లూ నడుపుకునే సాఫ్ట్‌వేర్. అందులో పాత వెర్షన్ ఈసీసీకి మామూలు సపోర్టు 2027 చివరితో ఆపేస్తామని శాప్ వాళ్లు చెప్పడంతో, పెద్ద కంపెనీలన్నీ కొత్త వెర్షన్ ఎస్/4హానాకి మారే పనిలో పడ్డాయి. ఆ మార్పిడే మాకు అన్నం పెట్టింది. నెలాఖరున ఒక మందుల కంపెనీ ఖాతాలెలా మూస్తుందో, ఎక్కడ దొంగలెక్కలు దూరడానికి సందుంటుందో ఇరవై నాలుగేళ్లకే చూశాను. చేరిన కొత్తలో నాలుగు లైన్ల మెయిల్ రాయడానికి నాకు అరగంట పట్టేది. టీములో ఒక తమిళావిడ నా ప్రతి మెయిలూ పంపకముందే చదివి, సగం మాటలు కొట్టేసి ఇచ్చేది. ఇవాళ నేను రాసేదేదైనా ఆవిడ కొట్టేయగా మిగిలినదే. ఇంకొకటి, అమ్మానాన్నలకి కూడా ఇన్సూరెన్స్ ఉంది. నాన్నకి విశాఖలో హెర్నియా ఆపరేషన్ అయితే మా చేతి నుంచి పడింది మందుల డబ్బులే.

మొదటి ఏడు వారాలు బెంచి మీదున్నాను, అంటే ప్రాజెక్టేదీ లేకుండా ఖాళీగా. భయపడొద్దు, అందరూ కూర్చునేదే. రోజూ ఏదో ఒక ప్రాజెక్టువాళ్లు ఫోన్లో ఇంటర్వ్యూ చేస్తారు, ఎవరో ఒకరు తీసుకుంటారు.

పని వేళలు మాత్రం మన చేతిలో ఉండవు. న్యూయార్క్‌లో పొద్దున్న పది అంటే చలికాలం మనకి రాత్రి ఎనిమిదిన్నర. మార్చిలో వాళ్లు గడియారం ముందుకి తిప్పుకుంటే ఏడున్నర అవుతుంది. ఆ ఒక్క గంట కోసం మార్చి రెండో ఆదివారం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసేవాళ్లం. సంక్రాంతికి కూడా అంత ఎదురుచూడలేదు.

ఇక అసలు సంగతి, టైమ్‌షీట్. మన పని గంటల్లో క్లయింటుకి బిల్లు వేసినవెన్ని అని లెక్కగట్టి దాన్ని యుటిలైజేషన్ అంటారు. కరోనా రోజుల్లో నెల్లిమర్లలో ఇంటి నుంచే పనిచేశాను. శుక్రవారం సాయంత్రం షీటు నింపుతుంటే నాన్న వెనక నిలబడి చూసేవాడు. ఆయన జూట్ మిల్లులో ముప్ఫై ఏళ్లు చేసినవాడు. కూత, కార్డు, షిఫ్టు, ఆయనకి తెలిసిన లెక్క అదే.

"గంటలు నువ్వే రాసుకుంతావేట్రా?"

"అవును నాన్నా."

"మరైతే నాలుగు ఎక్కువ రాసీకూడదేటి?"

తక్కువ రాస్తామని చెప్తే ఆయన నమ్మలేదు. ప్రాజెక్టుకి ఇన్ని గంటలని ముందే బేరం అయిపోతుంది. పన్నెండు గంటలు చేసి ఎనిమిది వేస్తాం. నిజం రాస్తే బడ్జెట్ దాటిందని మేనేజర్ ముఖం మాడుతుంది, మనకేమో మందకొడి అని పేరొస్తుంది. తగ్గించమని ఎవరూ మెయిల్ పెట్టరు. "ఒకసారి షీటు చూసుకో" అంటారు, అంతే.

"మా మిల్లే నయం. కూతయ్యేక ఒక్క గంట నిలబడితే రెండింతలు కట్టీవోరు" అన్నాడు నాన్న. నిజమే, అప్పటి 1948 ఫ్యాక్టరీల చట్టంలో 59వ సెక్షన్ చెప్పింది కూడా అదే. మా అద్దాల మేడ ఫ్యాక్టరీ కాదు మరి. ఆ రాత్రే పొడుగు నోట్‌బుక్కొకటి తెచ్చిచ్చాడు. మిల్లు రోజుల్లో ఓవర్‌టైమ్ గంటలు తను వేరే పుస్తకంలో రాసుకునేవాడట, మేస్త్రీ లెక్కతో సరిచూసుకోవడానికి.

ప్రమోషన్ల విషయానికొస్తే అనలిస్ట్‌గా రెండేళ్లు, కన్సల్టెంట్‌గా మూడేళ్లు, సీనియర్ కన్సల్టెంట్‌గా మూడేళ్లు. మొదటి మెట్టు అందరూ ఎక్కుతారు. రెండోది నాకు ఏడాది ఆలస్యమైంది. రేటింగులు తేల్చే మీటింగులో మన తరఫున మాట్లాడేది కౌన్సిలర్ అనే సీనియర్. మన పని చూసినవాడు కాదు, మనం రాసిచ్చిన కాగితం పట్టుకుని వాదించేవాడు. నా కౌన్సిలర్ సరిగ్గా నెలముందు వేరే కంపెనీకి వెళ్లిపోయాడు. కొత్తాయన నా పేరు పలకడమే కష్టపడ్డాడు. వచ్చేసారి చూద్దామన్నారు. వచ్చేసారి చూశారు కూడా, అబద్ధం చెప్పకూడదు.

గోడ మేనేజర్ మెట్టు దగ్గరుంది. మా టీములో అనలిస్టులు పద్నాలుగు మంది, మేనేజర్లు ఇద్దరు. తక్కువ జీతగాళ్ల గంటలు ఎక్కువ అమ్ముడుపోతేనే కంపెనీకి లాభం, కాబట్టి అలాగే ఉంటుంది. ఆపైన ఇక పనెలా చేశావని అడగరు, బిజినెస్ ఎంత తెచ్చావని అడుగుతారు. క్లయింటుండేది ఒహాయోలో. ఆయనతో భోజనానికి కూర్చునేది అక్కడి పార్ట్‌నర్. గచ్చిబౌలిలో కూర్చుని నేనెవరికి అమ్మను? అక్కడికి వెళ్లిపోదామంటే హెచ్-1బీ లాటరీ, ఏడాది కోటా 85 వేలు. నా పేరు మూడుసార్లు వేశారు, మూడుసార్లూ తగల్లేదు. ఇది ఎవరో నా మీద పగబట్టి చేసింది కాదని అర్థం కావడానికి నాకు ఆరేళ్లు పట్టింది.

సెలవు గురించి ఒక్కటే చెప్తాను. 2022లో విజయనగరం సిరిమాను ఉత్సవానికని ఆగస్టులోనే లీవు పెట్టుకున్నాను. లీవు పెట్టి కూడా లాప్‌టాప్ భుజాన వేసుకుని జాతరకెళ్లిన తెలివైనవాణ్ని నేను. సిరిమాను, అంటే పూజారి కొసన కూర్చునే పొడవాటి మాను, పైడితల్లమ్మ గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. రెండోసారి కదులుతుండగా ఫోన్. అమెరికాలో ఇంకా తెల్లవారలేదు, చేసింది మన హైదరాబాద్ మేనేజరే. టెస్టింగులో ఖాతాలకి పద్దులు పడటం లేదట. మూడు లాంతర్ల సెంటర్ పక్క సందులో, మూసిన షాపు మెట్టు మీద కూర్చుని సరిచేశాను. తలెత్తేసరికి జనం ఇళ్లకి మళ్లుతున్నారు. పక్కన నిలబడ్డ అమ్మ నా మీద అరవలేదు. అరిచినా బాగుండేది.

నేర్చుకోవడానికి 5, జీతానికి 4, పైకెదగడానికి 2, ఇంటి మనిషిగా బతకడానికి 1. కలిపి భాగిస్తే 3.

కాబట్టి బావమరిదీ, చేరు. మూడేళ్లుండు, నాలుగో ఏడు మొదలయ్యేలోపు క్లయింటు వైపు ఉద్యోగాలు చూసుకో, నేను చేసిందీ అదే, కాకపోతే ఆలస్యంగా. సంక్రాంతికి విశాఖ ఎక్స్‌ప్రెస్ రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, ఆ పొద్దున్న ఏ మీటింగూ పెట్టుకోకు. నా నోట్‌బుక్ అత్త చేతికిచ్చి పంపుతున్నాను. 2021 జూన్ పేజీ చూడు: షీటులో 176 గంటలు, పుస్తకంలో 243.