పక్కన సెల్లార్ తవ్వుతుంటే మన గోడ సంగతేంటి: ఏ లెక్క మేలు?

నెల్లూరులో మాగుంట లేఅవుట్, దర్గామిట్ట వైపు పాత ఇల్లు పడగొట్టారంటే తర్వాత వచ్చేది సెల్లార్ గుంతే. పక్కింటివాళ్లకు టెన్షన్. గోడ పగులుతుందో లేదో ముందే అంచనా వేయడానికి ఇంజనీర్లు ముఖ్యంగా మూడు దారులు పడతారు.

తేలికైనది 1969లో నేల ఇంజనీరు పెక్ ఇచ్చిన చార్టు. మామూలు నేలలో, మామూలు పనితనంతో తవ్వితే అంచున నేల గుంత లోతులో 1 శాతం దాకా కుంగవచ్చు. ఆ ప్రభావం లోతుకు రెండింతల దూరం పాకవచ్చు. 3.5 మీటర్ల సెల్లార్‌కైతే 35 మిల్లీమీటర్లు, 7 మీటర్లు. మన ఇల్లు ఆ పరిధిలో ఉందో లేదో తేలిపోతుంది, అంతవరకే.

పగుళ్ల సంగతి తేలాలంటే 1974లో బర్లాండ్, రోత్ అనే ఇంజనీర్లు చూపిన దారి మేలు. ఇల్లంతా ఒకేలా ఒరిగితే గోడలు పగలవు. వంగి, సాగితేనే పగులుతాయి. అందుకే ఇంటిని ఒక దూలంగా భావించి ఆ సాగుడు లెక్కిస్తారు. సాగుడు పొడవులో 0.05 శాతం లోపు ఉంటే భయం లేదు. 0.15 దాటితే పగుళ్లు 5 మిల్లీమీటర్లు మించుతాయి, తలుపులు పట్టేస్తాయి. నేల ఎలా కుంగితే ఇల్లూ అలాగే వంగుతుందనుకుంటుంది కాబట్టి పిల్లర్ల ఇళ్లకు ఈ లెక్క కాస్త ఎక్కువే భయపెడుతుంది. మూలాపేటలోని సున్నపు గోడల ఇళ్లకు మాత్రం సరిగ్గా సరిపోతుంది.

మూడోది నేలను, గుంతను, ఇంటిని కలిపి కట్టే కంప్యూటర్ మోడల్. రంగురంగుల బొమ్మలు చూస్తే నమ్మబుద్ధేస్తుంది. కానీ చేతిలో మట్టి పరీక్షకు వేసిన ఒకటి రెండు బోర్ల ఎస్‌పీటీ విలువలే (సుత్తి దెబ్బల లెక్కతో నేల గట్టిదనం చెప్పే అంకెలు) ఉంటే దానికి డబ్బు పెట్టడం దండగ. చిన్న ఇంటికి నా ఓటు రెండోదానికే.

పెన్నా ఒడ్డు ఇసుక నేలల్లో అసలు గండం నీళ్లు తోడటంతో వస్తుంది. మోటారు నీటితో పాటు సన్నిసుక కూడా వచ్చేస్తుంటే పై లెక్కలేవీ నిలవవు. ఆ నీళ్లు బకెట్లో పట్టి కాసేపు ఉంచండి. అడుగున ఇసుక పేరుకుంటే పంపింగ్ ఆపించాల్సిందే.

ఒంగోలు నల్లరేగడిది ఇంకో తంటా. ఎండలకు కుంచించుకుపోయి, వానలకు ఉబ్బుతుంది. పగులు కదులుతోందో లేదో చూడటానికి దానికి అడ్డంగా అతికించిన గాజు ముక్క ఎవరూ తవ్వకపోయినా విరుగుతుంది. పైగా పగులు ఎంత కదిలిందో గాజు చెప్పదు. దానికన్నా పగులుకు అటూ ఇటూ రెండు మేకులు దించి, మధ్య దూరం వెర్నియర్‌తో (సన్నటి తేడాలు కూడా పట్టే కొలత పరికరం) కొలవడం నయం. తవ్వకానికి ముందే వేసవిలో ఒకసారి, వానలయ్యాక ఒకసారి కొలిచి రాసిపెట్టుకోకపోతే, బిల్డర్ "అది మీ నేల గుణమండీ" అంటాడు, మన దగ్గర జవాబుండదు.